ఆగిన ఇంజన్‌కు తాళం తిప్పకండి!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో కార్లు లేవు గానీ, ఉంటే 'కారు బాగు చేయించి చూడు' అని కూడా అనేవారేనండీ!

మాది ఫిల్మ్‌నగర్. 2020 అక్టోబరు వానల్లో నగరంలో కార్లు పడవల్లా కొట్టుకుపోవడం టీవీలో చూసి, గుట్ట మీద ఉన్న మనకేం భయం అనుకున్నాను. కానీ జూబ్లీహిల్స్ గుట్టల మీద పడ్డ వాన పల్లానికి పరుగెత్తి కృష్ణానగర్ వీధుల్లో చేరుతుంది. పోయిన వానాకాలం మా ఆడపడుచు ఇంటి నుంచి వస్తుంటే సరిగ్గా అక్కడే, మోకాలి లోతు నీళ్లలో మా కారు ఆగిపోయింది. మావారు ఊరుకుంటారా? తాళం తిప్పారు. లోపల 'టక్'మంది. మళ్లీ తిప్పారు. అంతే, ఇక ఉలకలేదు, పలకలేదు.

"నీళ్లలో ఆగినందుకు కాదమ్మా, ఆగాక స్టార్ట్ చేసినందుకు ఇంజన్ పోయింది" అన్నాడు మెకానిక్. ఇంజన్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుందట. గాలి అణుగుతుంది, నీరు అణగదు. సీసా నిండా నీళ్లు పోసి బిరడా నొక్కి చూడండి, దిగుతుందేమో! ఆ ఒత్తిడికి పిస్టన్ కడ్డీ వంగిపోయింది. బిల్లు 92 వేలు! అమ్మాయి గాజులకని నేను కట్టిన చీటీ డబ్బు కాస్తా అటే పోయింది.

బీమా ఉందిగా అనుకున్నాం. కానీ మామూలు పాలసీలో, ఇలా నీళ్లలో స్టార్ట్ చేసి పాడైన ఇంజన్‌కు సాధారణంగా డబ్బు రాదు. అందుకు 'ఇంజన్ ప్రొటెక్షన్' అని విడిగా కొంత కట్టి తీసుకోవాలి. మేం తీసుకోలేదు.

అందుకే మీకు నాలుగు మాటలు:

* నీళ్లలో కారు ఆగితే తాళం తీసేయండి. మళ్లీ స్టార్ట్ చేయొద్దు.
* నీళ్లలో ఉండగానే ఫోటో తీసి బీమా వాళ్లకు ఫోన్ చేయండి. నలుగురి చేత తోయించి, షెడ్డుకు లాగించుకు వెళ్లండి.
* ఇంజన్ విప్పకముందే ఖర్చెంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత సామాను చూపించమనండి.
* ఇవాళే బీరువాలోని పాలసీ తీసి, ఆ ఇంజన్ మాట ఉందో లేదో చూడండి.

కార్ల సంగతి మగవాళ్లదని ఇన్నాళ్లూ నేను ఆ కాగితం ముట్టలేదు. బంగారం కొనేటప్పుడు తూకం మనమే చూస్తాంగా? ఇదీ మన ఇంటి డబ్బే. మనమే చదువుదాం. ఉంటాను మరి!