పొద్దు చూసి తొక్కాల్సిన దారి

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు లావోస్ ప్రయాణానికి కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశాడు. ఒక గడిలో తేదీ, పక్క గడిలో ఊరు, ఆ పక్కన కిలోమీటర్లు. "మామా, రోజుకు నూరు కిలోమీటర్లు పోతం. లెక్క సరిపోయింది" అన్నాడు. కాగితం మీద సరిపోయింది నిజమే. తపాలా సంచి తగిలించుకుని జహీరాబాద్ దగ్గర మా కోహీర్ చుట్టుపక్కల దిగ్వాల్, కవేలి, బిలాల్‌పూర్, మనియార్‌పల్లి తిరిగి తిరిగి రిటైరైనవాణ్ని నేను. ఆ పట్టికలో నాకు ఎండ కనిపించలేదు. నీళ్లూ కనిపించలేదు.

ఈమధ్య మన పిల్లలు సైకిళ్లు విప్పి అట్టపెట్టెల్లో సర్దుకుని విమానాలెక్కి వియత్నాం, లావోస్ పోతున్నారు. సంతోషమే. నాకు నచ్చనిది ఒక్కటి: ఏర్పాట్లంటే వాళ్లకు ముందు సామాను గుర్తొస్తోంది. తేలిక సైకిలు, గడియారం, బూట్లు, గుడారం. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. వాళ్లలో ముగ్గురు 1928 మార్చిలో తిరిగొచ్చారు. చేతిలో ఫోన్లు లేని రోజులవి. దారి అడగడం, ఎండను ఓర్చుకోవడం తెలిస్తేనే సాగే యాత్ర.

పటం తీసి చూస్తే విచిత్రం. మా కోహీర్ 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లావోస్ రాజధాని వియన్‌ట్యాన్ 18 డిగ్రీలకు కాస్త కింద. అంటే అక్కడ నెత్తిన కాసేది మన ఎండే. మే నుంచి అక్టోబరు దాకా వానలు. ఫిబ్రవరి దాటితే కొండల్లో పోడుకు తగలబెట్టిన పొగ. మావాడికి సెలవు దొరికేది మార్చి నెలాఖరులో. నేను ఒప్పుకోలేదు, డిసెంబరుకు మార్పించి నేనూ వెంట పోయాను. అక్కడి కొండల మీద చలికి వాడు వణికాడు గానీ నాకేం కొత్త? చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో మా ఊరి పేరు పేపర్లో పడుతూనే ఉంటుంది. దానికి తోడు జామతోటలకు పొద్దుగాలే బయల్దేరే ఊరు మాది.

వైశాల్యంలో లావోస్ మన తెలంగాణకు రెండింతలు. జనం చూస్తే మనలో అయిదో వంతు కూడా సరిగ్గా ఉంటారో లేదో. వియన్‌ట్యాన్ నుంచి తాఖేక్ దాకా 13వ నంబరు రోడ్డు మీద సుమారు 340 కిలోమీటర్లు మెకాంగ్ నదికి ఎంతో దూరం జరగకుండా పోవచ్చు. అక్కడిదాకా చిన్న చిన్న దుకాణాలున్నాయి, నీళ్ల సీసాకు కరువు లేదు. తాఖేక్ దాటి సున్నపురాతి కొండల్లోకి మళ్లాక ఊళ్లు పలచబడతాయి. అందుకే తెల్లవారకముందే లేచి, పదిన్నరకల్లా ఏదో ఒక చెట్టు నీడకో ఇంటి అరుగు మీదికో చేరాలని, మూడున్నర దాటాకే మళ్లీ సైకిలెక్కాలని పెట్టుకున్నాం. మొదట్లో విసుక్కున్నవాడే తర్వాత తొమ్మిదిన్నర నుంచే చెట్లు వెతకడం మొదలుపెట్టాడు.

మహాసాయి దగ్గర వాడి సైకిలు వెనక చక్రంలో స్పోకు తెగింది. అదీ గేర్ల వైపు. గేర్ల పళ్లచక్రాలు ఊడదీస్తే గానీ అక్కడ కొత్త స్పోకు ఎక్కదు. ఊడదీసే పనిముట్టు ఆ పల్లెలో ఎవరి దగ్గరా లేదు. మోటారు సైకిళ్లు బాగుచేసే ముసలాయన చక్రాన్ని గిర్రున తిప్పి, రిమ్ము పక్కన వేలు పెట్టి, ఎక్కడ తగులుతోందో చూసుకున్నాడు. తెగిన స్పోకు తీసి పారేశాడు. దాని అటూ ఇటూ ఉన్నవాటిని బిగించి, ఎదుటివైపువి కాస్త వదులు చేసి, చక్రం ఊగకుండా చేశాడు. మా కోహీర్‌లో పంక్చర్ దుకాణం వాళ్లు చేసేదీ ఇదే. ఆ చక్రమే ప్రయాణం చివరిదాకా వచ్చింది. నాది ఇనుప ఫ్రేము సైకిలు. విరిగితే వెల్డింగు చేసేవాడు ఏ ఊళ్లోనైనా దొరుకుతాడన్న ధీమాతోనే పట్టుకుపోయాను. దూరదేశానికి పోయేవాళ్లు సైకిలు ధర ఒక్కటే అడిగితే చాలదు, అది ఎక్కడెక్కడ బాగవుతుందో అడగాలి.

గుడారం మాత్రం ఇంట్లోనే వదిలి రమ్మన్నాను. బరువని కాదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. పేలకుండా నేలలో కూరుకుపోయినవి ఇప్పటికీ మనుషుల్ని చంపుతున్నాయి, కాళ్లూ చేతులూ తీసేస్తున్నాయి. మేం తిరిగిన ఖమ్మువాన్ ప్రాంతం కూడా ఆ బాంబులు తిన్నదే. అక్కడ నలిగిన బాట దిగి పొదల్లోకి పోకూడదు, చెంబు పట్టుకునే పనికైనా సరే. రాత్రుళ్లు గెస్ట్‌హౌస్‌లలోనే పడుకున్నాం. పొద్దున్నే వెదురుబుట్టలో వేడి వేడిగా జిగురన్నం. ముద్ద చేసి కారప్పచ్చడిలో అద్దుకు తింటే, జొన్నరొట్టె తిన్నట్టే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు.

నకాయి దగ్గర రోడ్డు పక్కన పెద్ద జలాశయం. నీళ్లలో వేలాది మోడులు నిలబడి ఉన్నాయి. 2010లో కరెంటు ఉత్పత్తి మొదలైన నామ్ థెయున్-2 ప్రాజెక్టు అది, కరెంటులో ఎక్కువ భాగం థాయ్‌లాండ్‌కు పోతుంది. మావాడు ఫొటోలు తీసుకున్నాడు. మా వైపు సింగూరు ప్రాజెక్టు కింద భూములు పోయిన చుట్టాలున్నవాణ్ని, నాకు ఫొటో తీయబుద్ధి కాలేదు.

ఇలాంటి ప్రయాణాలకు సాధన ఎక్కడ చేయాలని కుర్రాళ్లు అడుగుతుంటారు. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. వ్యాయామానికి మంచిదే. నీడలో తొక్కి ఎండదేశానికి సిద్ధమయ్యామంటే మాత్రం నేను నమ్మను. ఇటు 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్ దాకా తొక్కి చూడమందామంటే భయం. లారీల పక్కన తెల్లగీత అవతల మిగిలిన కాస్త జాగాలో ఎదురుగా రాంగ్‌సైడు బండ్లు వస్తాయి. ఆ అంచు సైకిలుకు వదిలేలా చూడటానికి సోలార్ కప్పంత ఖర్చేమీ కాదు.

నా సలహా అడిగితే జనవరిలో మా వైపు రండి. సంక్రాంతికి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత పంటల జాతర మొదలుపెడతారు. చిరుధాన్యాల విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాయి. ఏ రోజు ఏ ఊరు, ఎడ్లకు నీళ్లెక్కడ, మనుషులకు బువ్వెక్కడ అన్నది చూసుకోకుండా అన్ని బండ్లు కదలవు. అడిగి, ఒక రోజైనా ఆ బండ్ల వెంట సైకిలు మీద పొండి. ఎద్దు నడకకు సైకిలు తొక్కడం కష్టమే. దిగి నడిపించుకుంటూ పోతే బండి పక్కన నడిచే ఆడవాళ్లతో మాటలు కలుస్తాయి, ముందు ఊళ్లో ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయో వాళ్లే చెబుతారు.