ఎక్కే ముందే దిగే దారి

ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గర పడితే మన హాస్టల్లో ఒకటే ముచ్చట: "ఏ సర్టిఫికేషన్ చేస్తున్నవ్ రా, ఏడబ్ల్యూఎస్సా, అజూరా?" పొద్దంతా సర్వీసుల పేర్లు బట్టీ పట్టుడే. దాంతోని ఉద్యోగం వస్తదేమో, కాదనను. కానీ రేపు ఉద్యోగంలో చేరినంక మేనేజర్ "మనకు ఏ క్లౌడ్ అయితే మంచిది?" అని అడిగితే ఆ బట్టీ అక్కరకు రాదు. నా మాట సూటిగా చెప్తున్నా: క్లౌడ్ ఎంచుకునేటప్పుడు నెలకు ఎంత అన్నది రెండో ప్రశ్న. వదిలేసి పోవాలంటే ఎంత అన్నది మొదటిది.

మాది నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల. మా దిక్కు పసుపు, మక్కజొన్న, ఎర్రజొన్న ఎక్కువ. బోధన్ వైపు పోతే చెరుకు. ఈ లెక్క చెరుకు రైతుకు మనకంటే చాలా ముందే తెలుసు. కొట్టిన చెరుకును ఎక్కువసేపు ఉంచలేం. బరువు తగ్గుతది, చక్కెర శాతం పడిపోతది. అందుకే దగ్గరున్న ఫ్యాక్టరీకే తోలాలి. పైగా ఏ ప్రాంతం చెరుకు ఏ ఫ్యాక్టరీకో కేటాయించే అధికారం 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది. అంటే బేరం ఆడడానికి రెండో గేటు ఉండదు. 1930లలో పుట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. పొలం రైతుదే, పంట రైతుదే. కానీ ఆడించే చోటు లేదు. లారీ కిరాయి పెట్టుకొని దూరం ఫ్యాక్టరీకి పంపాలి, లేదంటే పంటే మార్చాలి.

డేటా చెరుకులాగ ఎండిపోదు గానీ, ఏడాదికేడాది బరువెక్కుతది. పెద్ద క్లౌడ్‌లలో డేటాను లోపలికి పంపితే మామూలుగా చార్జీ ఉండదు, బయటికి తీస్తే జీబీల లెక్కన బిల్లు పడుతుంది. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ తమను వదిలి వెళ్లే కస్టమర్లకు ఆ చార్జీ తీసేస్తామని ప్రకటించాయి. మంచిదే. కానీ అసలు ఖర్చు అక్కడ లేదు. అమెజాన్ సొంత డేటాబేస్ డైనమోడీబీ మీద కట్టిన అప్లికేషన్‌ను ఇంకో క్లౌడ్‌కు మార్చాలంటే చాలా కోడ్ మళ్లీ రాసుకోవాలి. అదే పోస్ట్‌గ్రెస్ మీద కడితే ఎక్కడైనా పెద్ద మార్పుల్లేకుండా నడుస్తుంది. చాలాసార్లు ఈ నిర్ణయం పెద్ద మీటింగుల్లో జరగదు. మొదటి నెలలో, డెడ్‌లైన్ తొందరలో, ఎవరో ఒక జూనియర్ చేసేస్తాడు. ఆ జూనియర్ రేపు మనమే.

"ఇప్పుడు హైదరాబాద్‌లోనే డేటా సెంటర్లు ఉన్నాయి కదా, ఇంకేం భయం?" అని మా క్లాసోళ్లు అంటారు. నిజమే, 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది, ముంబై తర్వాత దేశంలో అది రెండోది. దగ్గరుంటే ఆలస్యం తగ్గుతుంది, డేటా దేశం దాటదు. కానీ బిల్డింగ్ మన దగ్గర ఉండడం వేరు, తాళంచెవి మన దగ్గర ఉండడం వేరు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టినంక గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు పోయింది, కొన్ని రోజులకు సేవలు మళ్లీ వచ్చాయి. లైసెన్సులకు డబ్బు కట్టిన కంపెనీ అది. అంత పెద్ద కంపెనీకి లాయర్లున్నారు. పదిమంది ఉన్న స్టార్టప్‌కు ఎవరున్నారు?

అట్లని అందరూ రెండు మూడు క్లౌడ్‌లు పెట్టుకోమని నేను అనను. చిన్న టీమ్‌కు అది శుద్ధ దండగ: బిల్లు డబుల్, తలనొప్పి నాలుగింతలు. ఒక్క క్లౌడే చాలు. ఫ్రీ క్రెడిట్స్ ఇస్తే తీసుకోవచ్చు, కాకపోతే అది అడ్వాన్స్ లాంటిదని గుర్తుంటే చాలు. అడ్వాన్స్ తీసుకున్న రైతుకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పన్లేదు. చేయాల్సింది కొంచెమే: డేటాను ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్‌లో ఉంచడం, బ్యాకప్ ఒకటి బయట పెట్టడం, దాన్ని నిజంగా ఒకసారి రీస్టోర్ చేసి చూడడం. మూడోది దాదాపు ఎవరూ చెయ్యరు. బ్యాంకులకైతే ఆర్‌బీఐ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన ఐటీ ఔట్‌సోర్సింగ్ నిబంధనల్లోనే బయటికి వచ్చే ప్లాన్ ఉండాలని రాసి పెట్టింది. మిగతావాళ్లలో చాలామందిని అడిగేవాళ్లు లేరు.

మన దగ్గర నుంచే మొదలుపెట్టొచ్చు. మినీ ప్రాజెక్ట్ రివ్యూలో డెమో నడిస్తే మార్కులు పడుతున్నాయి. దానికి ఇంకో ఐదు మార్కులు కలపమని మన డిపార్ట్‌మెంట్‌ను అడుగుదాం: ఆ అకౌంట్ మూసేసి, ల్యాబ్‌లో ఉన్న పాత లినక్స్ మెషిన్ మీద అదే ప్రాజెక్ట్‌ను ఒక్క మధ్యాహ్నంలో లేపి చూపించినోళ్లకు.