ఆకాశం నుంచి పడితే జిమ్మేదారు ఎవరు?

ఎల్‌ఎల్‌బీ ఆఖరి పరీక్ష రాసి వచ్చిన మా చిన్నబిడ్డ, "నాయినా, ఇంకో రెండేండ్లు చదువుతా. అంతరిక్ష చట్టంల పీజీ" అన్నది. నాకు నవ్వొచ్చింది. షోలాపూర్‌లో సాంచాల చప్పుడు మధ్య పుట్టినదానివి, ఆకాశానికి వకీలు అయితవా అన్నాను.

అది కోపం చేసుకోలేదు. "2022 ఏప్రిల్‌ల మన చంద్రపూర్ జిల్లా లాడ్‌బోరి ఊర్ల ఆకాశం నుంచి పెద్ద ఇనుప చక్రం పడ్డది, యాదికుందా?" అని అడిగింది. టీవీలో చూశాం. చైనా రాకెట్ ముక్క అని నిపుణులు చెప్పారు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. "తగిలుంటే పైసలెవరు ఇస్తరు నాయినా?"

నాకు తెలియదు. అదే చెప్పింది. 1972 నాటి దేశాల ఒప్పందం ప్రకారం, నేల మీద జరిగిన నష్టానికి రాకెట్ పంపిన దేశమే కట్టాలి. వాళ్ల తప్పుందని మనం రుజువు చేయనక్కర్లేదు. 1978లో సోవియట్ ఉపగ్రహం ముక్కలై కెనడాలో పడితే, కెనడా 60 లక్షల డాలర్లు అడిగింది. 1981లో 30 లక్షలకు ఒప్పందమైంది.

'తప్పు రుజువు చేయనక్కర్లేదు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పాత పాఠకులకు తెలుసు, సాంచా నుంచి నాడె ఎగిరి నా ఎడమ కంటికి తగిలింది. "చూసుకోవద్దా, తప్పు నీదే" అన్నాడు సేటు. నోరు మూసుకొని ఇంటికొచ్చాను. పనిలో దెబ్బ తగిలితే యజమానే పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉందట. చెప్పేవాడే లేకపోయాడు.

"మరి మన రాకెట్ ముక్కే మన ఇంటి మీద పడితే?" అన్నాను. బిడ్డ మొహం వెలిగింది. "ఆ ఒప్పందం సొంత దేశపోళ్లకు వర్తించదు నాయినా. దేశంల చట్టం కావాలె. 2017ల ముసాయిదా బిల్లు వచ్చింది, ఇంకా చట్టం కాలే. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు కూడా రాకెట్లు ఎగరేస్తున్నయి."

హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలో ఈ చదువు దూరవిద్యలో ఉంది. ఇక్కడే ఒక వకీలు దగ్గర పని చేసుకుంటూ చదువుతానంటోంది. కొలువులు తక్కువే, అది దాచలేదు. ఇస్రో, ప్రైవేటు రాకెట్ కంపెనీలు, బీమా, పెద్ద వకీళ్ల ఆఫీసులు. అక్కడ దొరక్కపోతే కార్మికుల కేసులు చూస్తా అంది.

పెండ్లికని వేసిన చిట్టీ వచ్చే నెల చేతికొస్తుంది. దాంట్లోంచి ఫీజు కట్టాలని నా ఆలోచన. వాళ్లమ్మ ఇంకా ఒప్పుకోలేదు. నిన్న రాత్రి మాత్రం రొట్టెలు చేస్తూ, "ఆ ఊర్ల పడ్డ చక్రం ఎంత బరువుండెనే?" అని బిడ్డను అడిగింది.