దారి ఎవరిది?

"నడవడం కూడా ఒక హక్కేనా అక్కా? కూలి, హింస, ఆకలి, ఇన్ని సమస్యలు పెట్టుకుని!" మొన్న సమావేశంలో ఒక కార్యకర్త అడిగింది. మా అమ్మాయి దగ్గరికి మాంచెస్టరు వెళ్ళినప్పుడు అక్కడి కొండదారిలో ఒక రోజు నడిచానని చెప్పినందుకు వచ్చిన ప్రశ్న అది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ దారి పేరు పెన్నైన్ వే. ఈడేల్ అనే చిన్న ఊళ్ళో మొదలై, బురద మైదానాలు, సున్నపురాతి లోయలు, గొర్రెల పచ్చికబయళ్ళు దాటి స్కాట్లాండు సరిహద్దు అవతల కర్క్ యెథోమ్ దాకా పోతుంది. 268 మైళ్ళు. నేను నడిచింది మొదటి కొండ వరకే. నా మోకాళ్ళు అంతకు మించి ఒప్పుకోలేదు.

ఆ మొదటి కొండే కిండర్ స్కౌట్. 1932లో అది ఒక డ్యూక్ గారి సొంత ఆస్తి. ఆయన, ఆయన అతిథులు గ్రౌస్ పక్షుల్ని వేటాడుకోవడానికి కొండకొండంతా మూసిపెట్టారు. వారమంతా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పొగ పీల్చే కార్మికులకు ఆదివారం నాడు అక్కడ కాలు పెట్టే వీల్లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 24న కొన్ని వందల మంది యువతీయువకులు కావాలనే కొండెక్కారు. అయిదుగురు యువకులకు రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. నడిచినందుకు! 1935లో టామ్ స్టీఫెన్సన్ అనే పాత్రికేయుడు ఈ పొడుగు దారి కావాలని పత్రికలో రాశాడు. 1948లో పార్లమెంటు సభ్యుల్ని ఆ కొండల మీద నడిపించాడు. వాళ్ళలో బార్బరా కాజిల్ కూడా ఉంది. 1949లో చట్టం వచ్చింది. దారి పూర్తిగా తెరుచుకునేసరికి 1965. ఒక్క కాలిబాటకు ముప్పై ఏళ్ళు! ఇది తీరిక ఉన్నవాళ్ళ సరదా అనేవాళ్ళు ఈ లెక్క చూడాలి.

నన్ను ఆపేసింది ఆ చట్టం పనిచేసే తీరు. భూమి రైతుదే, దాని మీదుగా పోయే హక్కు మాత్రం అందరిదీ. ఆ బాట అధికారిక మ్యాపులో ఉంటుంది. ఎవరైనా అడ్డంగా కంచె వేస్తే తీయించాల్సిన బాధ్యత స్థానిక సంస్థది. నడిచే మనిషి ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు. (అక్కడ అన్నీ బాగున్నాయని అనడం లేదు. 2000లో ఇంకో చట్టం తెచ్చినా, బాట వదిలి స్వేచ్ఛగా తిరగగల నేల ఇంగ్లండులో నూటికి ఎనిమిది వంతులే.)

బురదలో దిగబడకుండా ఆ దారి పొడుగునా చాలాచోట్ల రాతిపలకలు పరిచారు. వాటిలో ఎన్నో కూలగొట్టిన బట్టల మిల్లుల గచ్చు నుంచి తెచ్చినవి. ఆ మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడింది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళు అరగదీసిన రాళ్ళవి. వాళ్ళ పేరుతో ఒక్క బోర్డూ నాకు కనబడలేదు.

2019లో జాస్మిన్ పారిస్ అనే ఆమె ఈ 268 మైళ్ళూ చలికాలపు పోటీలో 83 గంటల 12 నిమిషాల్లో పరుగెత్తి, మగవాళ్ళందర్నీ దాటి మొదట వచ్చింది. చంటిబిడ్డ తల్లి, మజిలీల దగ్గర ఆగి పాలు పిండుకుంది. పత్రికలు మురిసిపోయాయి. నేనూ మురిశాను. అయితే నాకు కావలసింది వీరవనిత కాదు. ఆ రోజు ఒంటరిగా సంచీ తగిలించుకుని నడుస్తున్న అరవై ఏళ్ళావిడ ఎదురైంది. "ఎవరితో వచ్చావు? మీ ఆయనేడీ?" అని ఆమెను ఎవరూ అడగలేదు. అది నాకు కావాలి.

మన కొండల్లో? అడ్డాకులకు పోయిన ఆరుగురు ఆడవాళ్ళతో నేనూ ఉండగానే ఒక గేటు దగ్గర ఆపారు. ఎవరి గేటో చెప్పను. మోపులు దించమన్నారు. "మీ మగాళ్ళని పంపండి, మాట్లాడతాం" అన్నారు. అదే గేటు లోంచి సెలవుల్లో ట్రెక్కింగు బృందాలు నవ్వుకుంటూ పోతాయి.

2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం సేకరించుకునే హక్కుతోపాటు అందుకోసం లోపలికి వెళ్ళే హక్కునూ ఇచ్చింది. హక్కుల కమిటీలో మూడోవంతు ఆడవాళ్ళుండాలని నిబంధన. మరి మనం, స్వచ్ఛంద సంస్థల వాళ్ళం, మ్యాపులు ఎలా గీస్తున్నాం? మగవాళ్ళని వెంటపెట్టుకుని హద్దురాళ్ళ చుట్టూ తిరిగి వచ్చేస్తున్నాం. హద్దు మగవాళ్ళు చూపిస్తారు. ఊటకు, కొండచీపురుకు, చింతచెట్లకు పోయే బాటలు ఆడవాళ్ళ కాళ్ళకే తెలుసు. అవి మ్యాపులో లేకపోతే రేపు కంచె పడ్డప్పుడు ఏం చూపించి అడుగుతాం? ఈ తప్పులో నేనూ ఉన్నాను. మూడు ఊళ్ళ మ్యాపుల మీద నా చేతిరాత ఉంది, ఒక్క బాట లేదు.

ఆ మూడూ మళ్ళీ గీద్దామని మా బృందంలో అడిగాను. ఒక రోజులో అవ్వదన్నారు. అవ్వదు మరి. అడ్డాకుల బాట పట్టాలంటే తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి.