అతుకుల బొంత

పొంతన లేని పని ఏది కనిపించినా “అతుకుల బొంత” అని తీసిపారేయడం మనకి అలవాటు. అమ్మమ్మలు పాత నేత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంతల మీద నిద్రపోయి పెరిగిన వాళ్ళమే అయినా, ఆ మాటలో మాత్రం గౌరవం లేదు. ఆ అతుకుల బొంతలతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయన ఒకరు మన లండన్‌లో స్థిరపడ్డారు. పేరు కేఫ్ ఫాసెట్.

1937లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. చిత్రకారుడవ్వాలని బోస్టన్‌లో ఆర్ట్ స్కూల్లో చేరి, మూడు నెలలకే మానేశారు. 1964లో ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఒకసారి స్కాట్లాండ్ వెళ్ళినప్పుడు ఉన్ని రంగులు చూసి ఆగలేక 20 రంగులు కొనేశారట. అల్లడం చూస్తే రాదు! పిల్లలూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుసా? తిరుగు రైల్లో తోటి ప్రయాణికురాలి దగ్గర. అలా మొదలైన మనిషికి 1988లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. జీవించి ఉన్న వస్త్ర కళాకారుడికి అక్కడ అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

బొంతల్లోకి దిగింది ఆ తర్వాతే, లైజా ప్రయర్ లూసీ అనే అమెరికన్ డిజైనర్ ప్రోత్సాహంతో. ఇద్దరూ కలిసి చేసిన ‘గ్లోరియస్ పాచ్‌వర్క్’ పుస్తకం 1997లో వచ్చింది. చైనా పింగాణీ, టర్కీ తివాచీలు, ప్రాచీన రోమన్ల గాజు... ఏది కంటపడితే అది ఆయన చేతిలో బట్ట మీద రంగైపోతుంది. ఆక్స్‌ఫామ్ తరఫున ఇండియా, గ్వాటెమాలా నేతగాళ్ళ ఊళ్ళకి కూడా వెళ్ళారు. మన దేశంలో చేత్తో నేసిన చారల నూలు బట్టలు ఆయన బొంతల్లో చేరింది అలాగే. నాకు బాగా నచ్చింది ఇదే. నమూనా చూసి కాపీ కొట్టడం వేరు, నేసేవాళ్ళకి పని చూపించడం వేరు.

2005లో ఆయన అదే మ్యూజియంలోని పాత బొంతల ఆధారంగా మరో పుస్తకం చేశారు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు బొంతల్ని దగ్గరగా చూస్తే మన కోరమాండల్ తీరపు అద్దకం ముక్కలు కనిపిస్తాయి. మచిలీపట్నం ఉన్న తీరమే అది! వీళ్ళ ‘చింట్జ్’ మన చీటిగుడ్డే. ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవ చేస్తే 1721లో చట్టం చేసి మరీ అద్దకం నూలు బట్టల్ని నిషేధించారు. ఆ నిషేధం 1774 దాకా సాగింది. అంత మోజు మరి!

సూట్‌కేసుల్లో మగ్గిపోతున్న చీరలు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నాయి. సెలవుల్లో పిల్లలతో మొదలుపెట్టండి. గోడకి ఫ్లానెల్ గుడ్డ తగిలిస్తే నూలు ముక్కలు పిన్నులు లేకుండానే దానికి అంటుకుంటాయి. ముక్కల్ని అటూ ఇటూ మార్చి, దూరంగా నిలబడి చూడాలి. ఫాసెట్ పద్ధతీ అదే. మొదటే పట్టు జోలికి పోవద్దు. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు ఉతికి ఆరేసి, కుట్టుకి నాలుగు వైపులా పావు అంగుళం వదిలి కత్తిరించండి. కత్తెర పట్టే ముందు మాత్రం ఆ చీర ఎవరిదో, ఎప్పటిదో అమ్మనడిగి తెలుసుకోండి.