ఏడు కండ్లున్న జిల్లా పరిషత్తుకు చూపేది?

ఊరి హైస్కూల్లో సైన్సు సారు లేడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు వారంలో ఎన్ని రోజులు వస్తున్నాడో ఎవరికీ తెలియదు. హాస్టల్లో పిల్లలు నీళ్ల పప్పుతో బువ్వ తింటున్నారు. ఈ మూడింటి మీదా గట్టిగా అడగాల్సిందెవరు? ఎమ్మెల్యేనా? మంత్రా? కలెక్టరా? దరఖాస్తు చేతిలో ఉంటే చాలు, మన కాళ్లు కలెక్టరేట్ దిక్కే నడుస్తాయి. సోమవారం ప్రజావాణి కాడ నిలబడతాం, ఒక నంబరు రాయించుకొని ఇంటికొస్తాం. కానీ ఈ మూడు ప్రశ్నలనూ పేరుపేరునా అడిగే హక్కు ఇంకో చోట ఉంది. ఆ చోటు పేరు జిల్లా పరిషత్ స్థాయీ సంఘం. ఆ పేరు మనలో ఎందరికి తెలుసు? మనకు తెలియకపోవడం వల్ల లాభపడుతున్నదెవరు?

ముందు చట్టం ఏం చెబుతున్నదో చూద్దాం. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీల కోసం రాసిపెట్టారు. తాగునీరు, బడి, దవాఖాన, రోడ్డు, వ్యవసాయం, స్త్రీ శిశు సంక్షేమం, బలహీన వర్గాల సంక్షేమం అన్నీ అందులో ఉన్నాయి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రతి జిల్లా పరిషత్తుకూ ఏడు స్థాయీ సంఘాలు పెట్టింది. ఒకటి ప్రణాళిక, ఆర్థికం. రెండు గ్రామీణాభివృద్ధి. మూడు వ్యవసాయం. నాలుగు విద్య, వైద్యం. ఐదు మహిళా సంక్షేమం. ఆరు సాంఘిక సంక్షేమం. ఏడు పనులు. తెలంగాణ వచ్చాక 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చినప్పుడూ ఈ ఏడూ అట్లనే ఉన్నాయి.

అంటే జిల్లా విద్యాశాఖాధికారి, వైద్యాధికారి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు, సంక్షేమ శాఖల అధికారులు తమ శాఖల లెక్కాపత్రం పట్టుకొని, ఎన్నికైన మనుషుల ముందు కూర్చోవాలి. ఎన్ని పోస్టులు ఖాళీ, ఎన్ని బోర్లు ఎండిపోయినయి, ఎన్ని పైసలొచ్చినయి, ఎన్ని ఖర్చయినయి అన్నది అక్కడ తేలాలి. జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, తెగలకు 6 శాతం, స్త్రీ శిశు సంక్షేమానికి 15 శాతం కేటాయించాలన్న నియమం ఉంది. ఆ పైసలు దళితవాడకు, తండాకు చేరినయా, ఇంకో పద్దులో కలిసిపోయినయా అని నిలదీయాల్సింది కూడా ఇక్కడే. కాగితం మీద ఇంత మంచి ఏర్పాటు ఉంది. మరి ఊర్లో దాని జాడ ఎందుకు కనబడదు?

కనబడకపోవడానికి చరిత్ర ఉంది. 1959 అక్టోబర్ 11న నెహ్రూ మన పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించిపోయాడు. రాజస్థాన్ తర్వాత దేశంలో రెండో రాష్ట్రం మనదేనని ఆనాటి పాలకులు గొప్పలు చెప్పుకున్నారు. కానీ ఆ చట్టంలోనే ఒక మెలిక పెట్టారు. జిల్లా పరిషత్ స్థాయీ సంఘాలన్నిటికీ అధ్యక్షుడు ఎవరు? జిల్లా కలెక్టరు! అధికారుల పనిని తనిఖీ చేయాల్సిన కమిటీకి అధికారుల పెద్దే అధ్యక్షుడు. పరీక్ష రాసినవాడే పేపర్లు దిద్దుకుంటే ఫెయిలయ్యేదెవరు? ఆ బుద్ధి అక్కడ మొదలైంది. తర్వాత కుర్చీ చైర్మన్ చేతికొచ్చింది గానీ బుద్ధి మారలేదు.

1986లో మండలాల చట్టం తెచ్చారు. సమితులు పోయి మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. అదే చట్టంలో జిల్లా పరిషత్తు పక్కన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలి అని ఇంకో వేదిక పెట్టారు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు! ఆ తర్వాత ఇన్‌చార్జి మంత్రుల సమీక్షా సమావేశాలు రివాజయ్యాయి. 1997లో జన్మభూమి పేరుతో నోడల్ అధికారులు ఊర్ల మీదికొచ్చారు. సాగునీటికి వినియోగదారుల సంఘాలు, బడికి విద్యా కమిటీలు, అడవికి వన సంరక్షణ సమితులు, ఇట్ల పనికో కమిటీ పుట్టుకొచ్చింది. జనం భాగస్వామ్యం అని మంచి పేరు పెట్టారు. అసలు జనం ఓట్లతో ఎన్నుకున్న జిల్లా పరిషత్తు మాత్రం ఆరో వేలైపోయింది. ఉన్నదాన్ని చంపకుండానే దాని పక్కన నాలుగు కొత్తవి పెట్టి పనికిరాకుండా చేయడం పాత విద్యనే.

ఇంకో విద్య కూడా ఉంది, ఎన్నికలే పెట్టకపోవడం. 2006లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2011లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 ఏప్రిల్‌లో. మనం సకల జనుల సమ్మెలో 42 రోజులు రోడ్ల మీదున్న 2011లో మన జిల్లా పరిషత్తుల్లో ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు. ప్రత్యేకాధికారులే చైర్మన్లు, వాళ్లే సభ్యులు, వాళ్లే కమిటీలు. అడిగేవాడూ తనే, జవాబు చెప్పేవాడూ తనే. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-ఇ అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. రాజ్యాంగంలో రాసింది అమలు కాకపోతే ఎవరికి శిక్ష పడింది?

రాష్ట్రం వస్తే ఇది మారుతుందనుకున్నాం. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకున్నప్పుడు మన మనసులో ఉన్నది హైదరాబాద్‌లో పాలకులు మారడం ఒక్కటే కాదు. అధికారం జిల్లాకు, మండలానికి, ఊరికి దిగి రావాలన్నది మన ఆశ. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబర్ 11న, షాద్‌నగర్ సభ జరిగిన తేదీనాడే, పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట కలిసి ముప్పై మూడయ్యాయి. కలెక్టరేటు దగ్గరకు వచ్చింది, సంతోషమే. కానీ జిల్లా పరిషత్తుకు ఏమైంది?

2019లో హైదరాబాద్ పోను 32 జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిగాయి. మొత్తం జెడ్పీటీసీ స్థానాలు 538. సగటున జిల్లాకు పదిహేడు కూడా రావు. ఆ కొద్దిమందినే ఏడు కమిటీలకు పంచాలి. అదే మనిషి పొద్దున వ్యవసాయం, మధ్యాహ్నం వైద్యం, సాయంత్రం పనులు చూస్తే దేన్ని లోతుగా చూడగలడు? పైగా ఆ ఎన్నికల్లో 32 చైర్మన్ పీఠాలూ అప్పటి పాలక పార్టీ టీఆర్ఎస్‌కే వచ్చాయి. రాష్ట్రంలో వాళ్లే, జిల్లాలో వాళ్లే. మంత్రి శాఖను చైర్మన్ ప్రశ్నిస్తాడా? ప్రశ్నిస్తే రేపు టికెట్ వస్తుందా? ఇది ఒక్క పార్టీ కథ అనుకుంటే పొరపాటే. ఎవరు గద్దెనెక్కినా జిల్లా పరిషత్తు తమ జేబులో ఉండాలనే చూశారు. ఆ పాలకవర్గాల గడువు 2024 జూలైలో ముగిసింది. మళ్లీ ప్రత్యేకాధికారులే దిగారు. సొంత రాష్ట్రంలోనూ పాత పాటే పాడించారు.

వేరే చోట్ల ఏం చేశారో చూద్దాం. కర్ణాటకలో 1983 చట్టంతో అబ్దుల్ నజీర్ సాబ్ మంత్రిగా ఉన్నప్పుడు జిల్లా పరిషత్ అధ్యక్షుడికి సహాయ మంత్రి హోదా ఇచ్చారు. జిల్లా పరిషత్ ముఖ్య కార్యదర్శిగా డిప్యూటీ కమిషనర్ కంటే సీనియర్ అధికారిని పెట్టారు. జిల్లాలో ఎవరు ఎవరికి జవాబుదారో ఒక్క నియామకంతో తేల్చేశారు. కేరళలో జిల్లా ఆస్పత్రులను జిల్లా పంచాయతీలకు అప్పగించారు. 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చారు. నిధులు, విధులు, ఉద్యోగులు మూడూ కలిపి ఇస్తేనే కమిటీ మాటకు విలువ. విధులిచ్చి నిధులివ్వకపోతే, పెండ్లి చేసుకో గానీ పుస్తె అడగొద్దన్నట్టే.

అధికారం ఇచ్చినంత మాత్రాన అంతా బాగైపోతుందా? కాదు. ఇంగ్లండు చూడండి. అక్కడి కౌంటీ కౌన్సిళ్లలో పరిశీలనా కమిటీలు ఉంటాయి. ప్రభుత్వ ఆస్పత్రుల అధికారులను పిలిపించి ప్రశ్నించే హక్కును 2001 చట్టం ఆ కమిటీలకు ఇచ్చింది. అయినా స్టాఫర్డ్ పట్టణ ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా రోగులు నరకం చూశారు. 2013లో ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చింది. ఆస్పత్రితో పాటు కౌంటీ, పట్టణ కౌన్సిళ్ల పరిశీలనా కమిటీలను కూడా తప్పుబట్టింది. ప్రమాద సంకేతాలు కండ్ల ముందున్నా కమిటీలు గుర్తుపట్టలేదు, అధికారులు చెప్పింది విని ఊరుకున్నాయి. అక్కడ రోగుల గోడును బయటపెట్టింది చనిపోయినవారి కుటుంబాలే. చట్టం ఇచ్చిన నోరు ఉంటే సరిపోదు, దానితో అడగాలనే కదా దీనర్థం?

అందుకే మనవాళ్లనూ వదలొద్దు. సభ్యుల్లో ఎందరి చూపు పనుల కమిటీ మీద ఉంటుందో, ఎందరి చూపు మహిళా, సాంఘిక సంక్షేమ కమిటీల మీద ఉంటుందో మనకు తెలియదా? రోడ్డు పనిలో కాంట్రాక్టు ఉంది, హాస్టల్ పప్పులో ఏముంది? చాయ్ తాగి, సంతకం పెట్టి, భత్యం తీసుకొని పోయే సభ్యుడు, లెక్కలు దాచే అధికారి ఇద్దరూ ఒకరికొకరు ఆసరా. రిజర్వేషన్లతో గెలిచిన ఆడబిడ్డల తరఫున భర్తలు మాట్లాడే సమావేశాలు ఇంకెన్నాళ్లు? సగం సీట్లు వాళ్లవి. బిందె పట్టుకొని నీళ్లకు పోయేది వాళ్లు. నీళ్ల అధికారిని అడగాల్సింది కూడా వాళ్లే.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. కమిటీ అంటే మీకు శత్రువు కాదు. బదిలీల కోసం, బిల్లుల కోసం బెదిరించే నాయకుల వల్ల మీరు పడిన బాధ మాకు తెలుసు. అది చాటుమాటున, ఫోన్లో జరిగే పెత్తనం. నలుగురి ముందు అడిగి, మినిట్స్‌లో రాసుకునేది తనిఖీ. తనిఖీ బలపడితేనే పెత్తనం బలహీనపడుతుంది. ఒక్క డాక్టరుతో నాలుగు ఊర్లను నెట్టుకొస్తున్న కష్టాన్ని మీరు పైఅధికారికి చెబితే అది ఫైలులోనే చస్తుంది. కమిటీలో చెబితే తీర్మానమై సర్కారు ముందుకు పోతుంది. పనిచేసే ఉద్యోగికి కమిటీ రక్షణ, పనిచేయనివాడికే అది భయం.

మరి ఏం కావాలి? మొదటిది, ఐదేళ్లకు ఎన్నికలు తప్పనిసరిగా జరగాలి, ప్రత్యేకాధికారుల పాలన అనే దొడ్డిదారి మూయాలి. రెండోది, శాఖాధిపతి స్వయంగా రావాలి. కింది గుమాస్తాను పంపితే ఆ సమావేశంలోనే సంజాయిషీ అడగాలి. మూడోది, గత సమావేశంలో అడిగినదానికి ఏం చేశారన్నదే ఎజెండాలో మొదటి అంశం కావాలి. నాలుగోది, కనీసం ఒకటి రెండు కమిటీలకు ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడు కావాలి. పార్లమెంటులో ప్రజా పద్దుల కమిటీకి 1967 నుంచి ప్రతిపక్షం మనిషే అధ్యక్షుడు. ఢిల్లీలో నడిచేది నల్లగొండలో, ఆదిలాబాద్‌లో ఎందుకు నడవదు? ఐదోది, కమిటీ మినిట్స్ తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద కనబడాలి.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలా? అవసరం లేదు. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. జిల్లా స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ జిల్లాలో విద్య, వైద్య స్థాయీ సంఘం గత ఐదేళ్లలో ఎన్నిసార్లు కూర్చుంది, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఏ ప్రశ్న అడిగారు, ఏ జవాబు వచ్చింది? మినిట్స్ నకలు అడగండి. మీ మండలంలో జెడ్పీటీసీ ఓటు అడగవచ్చినప్పుడు ఆ కాగితం ముందు పెట్టండి. సమావేశాలే జరగలేదని జవాబొస్తే అది ఇంకా పెద్ద సాక్ష్యం.

రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు మన ప్రశ్న ఒక్కటే: మా పైసలు, మా నీళ్లు, మా కొలువుల లెక్క మాకెందుకు చెప్పరు? ఆ ప్రశ్నను హైదరాబాద్‌ను అడగడం నేర్చుకున్నాం. జిల్లాను అడగడం ఇంకా నేర్చుకోవాలి. లెక్క అడిగే హక్కు మన దగ్గర లేనన్నాళ్లు రాష్ట్రం వచ్చింది పాలకులకే, మనకు కాదు.