కూలి ఆగింది ఎక్కడ? జవాబు లాగ్‌లోనే..

అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. తొలి ఏళ్లలో కూలి అందుకోవడమంటే పోస్టాఫీసు ముందు వరుసలో నిలబడటమే. సొమ్ము రాకపోతే ఎవరిని నిలదీయాలో కూలీకి తెలిసేది. కాలక్రమంలో ఆ వరుసలు తగ్గిపోయాయి. సొమ్ము ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ప్రయాణించి నేరుగా ఖాతాకు చేరే ఏర్పాటు వచ్చింది. చేరినంత కాలం అది మేలైన ఏర్పాటే. చేరనప్పుడే చిక్కు. మండల కార్యాలయానికి వెళితే 'మా వైపు నుంచి వెళ్లిపోయింది' అంటారు. బ్యాంకుకు వెళితే 'మాకు రాలేదు' అంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఆ రెండింటి నడుమ ఏం జరిగిందో నమోదైన చోటు మాత్రం ఆ ఇద్దరికీ కనిపించదు.

నాలుగు చేతులు మారి..

మస్టర్ ముగిశాక కూలి జాబితా సిద్ధమవుతుంది. దాని ఆధారంగా ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలతో నిధుల బదిలీ ఉత్తర్వు, అంటే ఎఫ్‌టీవో తయారవుతుంది. అక్కడి నుంచి అది కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని పీఎఫ్ఎంఎస్‌కు, ఆపై జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి, చివరకు బ్యాంకుకు చేరుతుంది. ఆధార్ ఆధారిత చెల్లింపులో ఖాతా నంబరుతో పని లేదు. ఏ ఆధార్ సంఖ్య ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో చెప్పే మ్యాపర్ అనే పట్టికను ఎన్‌పీసీఐ నిర్వహిస్తుంది. సొమ్ము ఆ పట్టిక చూపిన బ్యాంకుకు వెళుతుంది. ఉపాధి కూలికి ఈ పద్ధతి 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది.

ఈ సంస్థలు వేరు, వాటి సాఫ్ట్‌వేర్‌లు వేరు. ఒకదాని సందేశాన్ని మరొకదానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి అందించే అనుసంధాన భాగాన్ని సాంకేతిక పరిభాషలో కనెక్టర్ అంటారు. పెద్ద వ్యవస్థల్లో లోపాలు ఎక్కువగా బయటపడేది ఇలాంటి అతుకుల దగ్గరే.

అన్ని లోపాలూ ఒకటి కావు

కనెక్టర్‌కు ఎదురయ్యే వైఫల్యాలు ప్రధానంగా రెండు రకాలు. సర్వర్ కాసేపు ఆగిపోవడం, నెట్‌వర్క్ తెగిపోవడం వంటివి తాత్కాలికమైనవి. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ పంపితే సరిపోతుంది. ఖాతా మూతపడటం, ఆధార్ అనుసంధానం లేకపోవడం వంటివి శాశ్వతమైనవి. వీటిని ఎన్నిసార్లు పంపినా తిరిగే వస్తాయి. అటువంటి వాటిని పక్కకు తీసి, మనిషి చూసి సరిదిద్దేలా ప్రత్యేక వరుసలో ఉంచాలి. ఈ తేడా గుర్తించని కనెక్టర్ నయమయ్యే లోపానికి చేతులెత్తేస్తుంది. నయం కాని లోపాన్ని పదేపదే మోస్తుంది.

మూడో రకం మరింత ప్రమాదకరం. సందేశం వెళ్లింది, జవాబు రాలేదు. పని జరిగిందో లేదో తెలియదు. మళ్లీ పంపితే రెండుసార్లు చెల్లింపు జరగవచ్చు, పంపకపోతే అసలే అందకపోవచ్చు. అందుకే ప్రతి లావాదేవీకీ ఒక విశిష్ట సంఖ్య ఉండాలి. అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన ఉత్తర్వును అవతలి వ్యవస్థ గుర్తించి, సొమ్ము కదల్చకుండా పాత ఫలితాన్నే తిరిగి చెప్పాలి.

దారి తప్పిన కారణం

చెల్లింపు తిరస్కరణకు చూపే కారణాల్లో 'ఇనాక్టివ్ ఆధార్' ఒకటి. ఈ మాట చదివిన వారు ఆధార్ కార్డే పనిచేయడం లేదనుకుంటారు. కూలీ ఆధార్ కేంద్రానికి పరుగు తీస్తాడు. అక్కడ కార్డు సవ్యంగానే ఉందంటారు. నిజానికి ఆ సంకేతం సాధారణంగా చెప్పేది, ఎన్‌పీసీఐ పట్టికలో ఆ సంఖ్యకు బ్యాంకు ముడి చెల్లుబాటులో లేదని. దాన్ని సరిచేయాల్సింది బ్యాంకు. సంకేతానికి పెట్టిన పేరు తప్పుదోవ పట్టించడంతో మనిషి తప్పు కార్యాలయం ముందు నిలబడాల్సి వస్తోంది.

లోపం నమోదు కాని లోపాలూ ఉన్నాయి. మొబైల్ కనెక్షన్ల ధ్రువీకరణ సమయంలో వినియోగదారులకు తెలియకుండానే ఒక పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయని 2017లో ఆరోపణలు వచ్చాయి. చివరిగా ముడిపడిన బ్యాంకుకే సొమ్ము వెళ్లే పద్ధతి వల్ల ఎందరికో గ్యాస్ రాయితీ ఆ ఖాతాల్లో పడింది. ఆధార్ ప్రాధికార సంస్థ అదే ఏడాది డిసెంబరులో చర్య తీసుకుంది. కంప్యూటర్ లెక్కలో అవన్నీ 'విజయవంతమైన' చెల్లింపులే.

జాడ చెప్పే సంఖ్య

ప్రతి వ్యవస్థా తన పనిని తేదీ, సమయంతో సహా రాసుకునే చిట్టానే లాగ్. అయితే నాలుగు సంస్థలు నాలుగు చిట్టాలు విడివిడిగా రాసుకుంటే లాభం లేదు. మొదటి మెట్టున ఇచ్చిన గుర్తింపు సంఖ్య చివరి మెట్టు దాకా మారకుండా సాగాలి. అప్పుడే ఆ ఒక్క సంఖ్యతో వెతికితే ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ కారణంతో ఆగిందో బయటపడుతుంది. వెబ్ ప్రమాణాలను నిర్దేశించే డబ్ల్యూ3సీ 2020లో 'ట్రేస్ కాంటెక్స్ట్' పేరిట దీనికో ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది. పరిజ్ఞానానికి కొరత లేదు. దాన్ని సంస్థల సరిహద్దులు దాటించాలన్న పట్టుదలే కావాలి.

బ్రిటన్ నేర్పిన పాఠం

చిట్టా ఉండటమే చాలదని చెప్పే ఉదంతం బ్రిటన్ పోస్టాఫీసుది. అక్కడ 1999 నుంచి వాడకంలోకి వచ్చిన హొరైజన్ సాఫ్ట్‌వేర్ చూపిన తేడాల ఆధారంగా 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లు దోషులుగా ముద్రపడ్డారు. 2015లో స్కాట్లాండ్‌లోని డాల్మెల్లింగ్‌టన్ శాఖలో 8 వేల పౌండ్ల బదిలీ ఒకటి నాలుగుసార్లు నమోదై 24 వేల పౌండ్ల తేడా చూపింది. తెలిసిన లోపాల చిట్టా తయారీ సంస్థ ఫుజిత్సు వద్ద ఉన్నా, నిందితుల చేతికి అందలేదు. ఖాతాల్లో తేడాలకు సాఫ్ట్‌వేర్ లోపాలు కారణం కాగలవని హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసింది. 2024లో మిగతా వారి కోసం ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. చిట్టా ఎవరి చేతిలో ఉంటే వాదన వారిదే కావడం ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చాటుతోంది.

రాయకూడనిదీ ఉంది

పారదర్శకత పేరిట అన్నీ బయటపెట్టడమూ తగదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండవచ్చని 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక పేర్కొంది. ఆ వెబ్‌సైట్లలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవీ ఉన్నాయి. లాగ్‌లో లావాదేవీ సంఖ్య, సమయం, కారణం ఉండాలి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలకు మించి కనిపించరాదు.

పైసల్లో పరిహారం

పదిహేను రోజులు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ బకాయిలో 0.05 శాతం పరిహారమివ్వాలని ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దినసరి కూలి రూ.300. ఆ లెక్కన ఆరు రోజుల కూలి రూ.1,800 ఆగితే దక్కేది రోజుకు 90 పైసలు. ఎఫ్‌టీవో దాటాక జరిగే జాప్యాన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2018 మే నెలలో స్పష్టం చేసింది. ఆ జాప్యం ఎక్కడ జరిగిందో చెప్పే చిట్టా లేనిదే బాధ్యత ఎవరిదో తేలదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. పేరు ఏదైనా, కూలి సొమ్ము కంప్యూటర్ల అతుకులు దాటే రావాలి. తిరస్కరణ కారణాన్ని సంకేతంగా కాక తెలుగులో, ఎవరి వద్దకు వెళ్లాలో సహా పంచాయతీ కార్యాలయంలోనే చూపగలిగితే సగం తిప్పట తప్పుతుంది. ఎండలో మట్టి తవ్విన మనిషి తన కూలి ఏ సర్వర్ దగ్గర ఆగిందో వెతుక్కోవాల్సిన పని లేదు. అది చెప్పాల్సిన బాధ్యత ఆ వ్యవస్థను కట్టినవారిదే.